దారానికి పన్నెండు, బట్టకు ఐదు: సూరత్ రింగ్ రోడ్ చెప్పిన లెక్క

2017 సెప్టెంబరు 18న తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల పంపిణీ మొదలుపెట్టింది. సుమారు కోటి చీరలు, 222 కోట్ల రూపాయల ఖర్చు. నేతన్నలకు పని కల్పించే పథకంగా ప్రచారం పొందిన ఆ చీరలు చేతికందిన రోజే కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు వాటిని రోడ్డు మీద కుప్పపోసి నిప్పు పెట్టారు. నేత చీర ఇస్తామని చెప్పి పాలిస్టర్ చీర చేతిలో పెట్టారన్నది వాళ్ల కోపం. ఇది ప్రతిపక్షాల పని అన్నది ప్రభుత్వ పక్షం. ఆ వాదులాట మధ్య ప్రభుత్వమే ఒక విషయం ఒప్పుకుంది: దాదాపు సగం సిరిసిల్ల మరమగ్గాల మీద నేయించాం, గడువు చాలక మిగిలినవి సూరత్ నుంచి తెప్పించాం అని. ఆ వారమంతా తెలుగునాట సూరత్ అన్న మాట నాసిరకానికి మారుపేరై కూర్చుంది.

ఆ చీరలు తగలబడడానికి రెండు నెలల ముందు సూరత్ కూడా మండుతూనే ఉంది. జూలై 1న వస్తు సేవల పన్ను అమల్లోకి రావడంతో అక్కడి రింగ్ రోడ్ వస్త్ర మార్కెట్లు షట్టర్లు దించేశాయి. మొదటి వారంలోనే పోలీసులు లాఠీలు ఝళిపించారు. జీఎస్‌టీ సంఘర్ష్ సమితి పేరుతో వ్యాపారులు ఏకమై వేల సంఖ్యలో వీధుల్లో నడిచారు. మూడో వారం దాకా బంద్ సాగింది. అధికార పార్టీకి అది కంచుకోట. అక్కడి వ్యాపారి అధికార పార్టీ ఓటరు, చాలా సందర్భాల్లో చందాదారు కూడా. అలాంటివాడు రోడ్డెక్కాడంటే కారణం వినవలసింది. దిల్లీ విన్నది గానీ, విన్నదాన్ని నమ్మడానికి ఎనిమిదేళ్లు తీసుకుంది.

రింగ్ రోడ్ అంటే పేరుకు రోడ్డే. సహారా దర్వాజా, ఉధనా దర్వాజా అంటూ పాత నగర ప్రాకారపు ద్వారాల పేర్లను నేటికీ మోస్తున్న ఆ దారికి ఇరువైపులా సూరత్ టెక్స్‌టైల్ మార్కెట్, మిలీనియం, జె.జె. వంటి బహుళ అంతస్తుల మార్కెట్లు నూటయాభైకి పైగా ఉన్నాయి. వాటిలో దుకాణాలు వేలల్లో కాదు, పదుల వేలల్లో. దేశంలో ఏ మూల చవక పాలిస్టర్ చీర కొన్నా దాని బిల్లు వెనక్కి నడుచుకుంటూ వెళ్తే ఎక్కువసార్లు ఇక్కడికే చేరుతుంది. ఒక్క దుకాణంలోనూ మగ్గం ఉండదు, రంగు తొట్టి ఉండదు. ఉండేవి పరుపులు, తెల్ల దుప్పట్లు, నమూనా చీరలు, టెలిఫోన్లు, అన్నిటికీ మించి అరువు.

ఆ అరువు తీరు తెలియకపోతే తరువాతి కథ అర్థం కాదు. నూలు వ్యాపారి దగ్గర దారం అరువుకు తెచ్చి మరమగ్గం యజమాని ముడి బట్ట నేయిస్తాడు. దళారి ద్వారా అది రింగ్ రోడ్ వ్యాపారికి చేరుతుంది. ఆయన దాన్ని పాండేసరా, సచిన్, కడోదరా ప్రాంతాల మిల్లులకు అద్దకానికి పంపుతాడు. తిరిగొచ్చిన బట్ట కోతకు వెళ్తుంది, ఎంబ్రాయిడరీకి వెళ్తుంది, అంచులు కుట్టడానికి, రాళ్లు అతికించడానికి బస్తీల్లోని ఆడవాళ్ల ఇళ్లకు వెళ్తుంది. మళ్లీ మడతపెట్టి, పెట్టెలో పెట్టి, లారీ ఎక్కిస్తే వరంగల్ దుకాణదారు మూడు నెలలకో నాలుగు నెలలకో డబ్బు పంపుతాడు. అమ్ముడుపోనివి వెనక్కి పంపుతాడు. ఒక చీర ఇంతమంది చేతులు మారడంలో కాగితం పాత్ర స్వల్పం, నోటిమాట పాత్ర అధికం. పన్ను ఎగవేత ఇందులో లేదని ఎవరూ అనలేరు. కానీ ఎగవేత కోసమే ఈ ఏర్పాటు పుట్టిందనడం చరిత్ర తెలియని మాట.

చరిత్ర 1957 నాటిది. ఆ ఏడాది రాష్ట్రాలు వస్త్రాలు, చక్కెర, పొగాకుపై అమ్మకపు పన్ను వదులుకున్నాయి. బదులుగా కేంద్రం అదనపు ఎక్సైజ్ సుంకం విధించి రాష్ట్రాలకు వాటా ఇచ్చేలా చట్టం చేసింది. అంటే బట్టల దుకాణదారు అమ్మకపు పన్ను అధికారి ముఖం చూడకుండా రెండు తరాలు గడిపింది ప్రభుత్వాలు రాసిచ్చిన ఒప్పందం ప్రకారమే. 2003 బడ్జెట్‌లో జస్వంత్ సింగ్ మరమగ్గాలనూ ఎక్సైజ్ గొలుసులోకి లాగారు. దేశవ్యాప్తంగా మగ్గాల కేంద్రాలు గగ్గోలు పెట్టాయి. 2004లో చిదంబరం వచ్చి దాన్ని ఐచ్ఛికం చేసి చేతులు దులుపుకున్నారు. ఇద్దరు ఆర్థిక మంత్రులు, రెండు పార్టీలు, ఒకటే అనుభవం. 2017 నాటి విధాన రూపకర్తలు ఆ ఫైలు ఒకసారి తిరగేసి ఉంటే బాగుండేది.

తిరగేయలేదు. వాళ్ల నమ్మకమంతా పోర్టల్ మీద. 2015లో 1,380 కోట్ల రూపాయలకు ఇన్ఫోసిస్‌కు అప్పగించిన ఆ వ్యవస్థలో కొన్నవాడి బిల్లూ అమ్మినవాడి బిల్లూ యంత్రమే సరిచూస్తుందనీ, నెలకు మూడు రిటర్నులు దాఖలు చేస్తే చాలు దొంగలెక్కలకు చోటుండదనీ చెప్పారు. ఆగస్టులో మొదటి రిటర్ను గడువు ముంచుకొచ్చేసరికి పోర్టల్ మొరాయించింది, గడువు పొడిగించారు. సెప్టెంబరు 9న హైదరాబాద్‌లో జరిగిన జీఎస్‌టీ కౌన్సిల్ సమావేశం ఈ సాంకేతిక చిక్కులను చూడటానికి సుశీల్ కుమార్ మోదీ నాయకత్వంలో మంత్రుల బృందం వేయాలని నిర్ణయించింది. నాటి తెలంగాణ ఆర్థిక మంత్రి ఈటల రాజేందర్ అందులో సభ్యులు. నవంబరులో గువాహటి సమావేశానికి వచ్చేసరికి రెండో రిటర్ను, మూడో రిటర్ను రెండింటినీ పక్కన పెట్టేశారు. బిల్లులు సరిచూడటమే ఈ సంస్కరణకు ఆయువుపట్టు అన్నవాళ్లే అయిదు నెలలు తిరక్కుండా ఆ పట్టు వదిలేశారు. కంప్యూటర్ చూడని రింగ్ రోడ్ గుమాస్తా వెనుకబాటుతనం గురించి వ్యాసాలు రాసినవారు ఈ సంగతి మీద పెద్దగా రాయలేదు.

పోర్టల్ కన్నా లోతైన తప్పు పన్ను రేటులో ఉంది. పాలిస్టర్ దారం మీద 18 శాతం, బట్ట మీద 5 శాతం. ఉదాహరణకు నేతగాడు 100 రూపాయల దారం కొంటే 18 రూపాయల పన్ను కడతాడు. దానితో నేసిన బట్ట 150కి అమ్మితే వసూలయ్యే పన్ను ఏడున్నర. మిగతా పదిన్నర ప్రభుత్వం దగ్గర చిక్కుకుపోతుంది. ఇలాంటి సందర్భాల్లో మిగులును వాపసు ఇవ్వాలన్నది జీఎస్‌టీ మూలసూత్రం. కానీ బట్టల విషయంలో వాపసు లేదని నోటిఫికేషన్‌లో రాశారు. నూలు, అద్దకం, నేత అన్నీ ఒకే ప్రాంగణంలో ఉన్న పెద్ద మిల్లుకు ఈ దెబ్బ తక్కువ, ఎందుకంటే దారం దాని గోడ దాటదు. ఇరవై నాలుగు మగ్గాల చిన్న షెడ్డు యజమానికి ప్రతి మజిలీలోనూ పన్నే. సమాన పన్ను అని పేరు పెట్టి చిన్నవాడి మీద అదనపు భారం వేసిన తీరు ఇది. వ్యాపారులు జూలైలోనే ఈ లెక్క కాగితం మీద వేసి చూపించారు.

అక్టోబరు 6న దారం మీద పన్ను 12కు తగ్గింది. కుట్టు, ఎంబ్రాయిడరీ వంటి జాబ్ వర్క్ మీద 18 శాతాన్ని 5 చేయడం అంతకు ముందే జరిగింది. గుజరాత్ ఎన్నికలు డిసెంబరులో. నవంబరు 8న, నోట్ల రద్దుకు ఏడాది నిండిన రోజున, రాహుల్ గాంధీ సూరత్ వచ్చి వెళ్లారు. ఫలితాలు చూస్తే సూరత్ జిల్లాలో 16 స్థానాలకు 15 బీజేపీకే దక్కాయి. రింగ్ రోడ్ కోపమంతా నటనేనని అప్పుడు కొందరు విశ్లేషకులు తేల్చేశారు. అది పొరపాటు విశ్లేషణ. ఓటు ఒక లెక్క, చిక్కుకుపోయిన పన్ను మరో లెక్క. ఇంట్లో పోట్లాడుకున్నంత మాత్రాన ఇల్లు మారే అలవాటు ఆ ఊరికి లేదు. ఆ ధీమాయే దిల్లీకి తీరుబడి ఇచ్చింది.

2018 ఆగస్టు 1 నుంచి వాపసు ఇస్తామన్నారు. అదే నోటిఫికేషన్‌లో, జూలై 31 దాకా పోగుపడిన మిగులు రద్దవుతుందని కూడా రాశారు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమంటే ఇదే. 2019లో గుజరాత్ హైకోర్టు ఆ రద్దు చెల్లదని కొట్టేసింది. 2021లో తిరగబడ్డ పన్నును సరిచేస్తామని లఖ్‌నవూ సమావేశంలో ప్రకటించి, నవంబరులో సరిచేసిన తీరు చూపించారు: దారం మీద తగ్గించకుండా బట్ట మీద 12కు పెంచారు. చెప్పు కరుస్తుంటే కాలు కోసినట్టుంది ఆ పరిష్కారం. అప్పటికి కేంద్ర జౌళి శాఖ సహాయ మంత్రి దర్శనా జర్దోష్ సాక్షాత్తూ సూరత్ ఎంపీ. సూరత్‌తో పాటు ఈసారి తెలంగాణ కూడా గొంతు కలిపింది. నాటి పరిశ్రమల మంత్రి కె.టి. రామారావు సిరిసిల్ల శాసనసభ్యుడు కూడా కాబట్టి మరమగ్గం సంగతి ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అమలుకు ఒక్కరోజు ముందు, డిసెంబరు 31న, పెంపును వాయిదా వేశారు. మరో నాలుగేళ్లు దారానికి పన్నెండు, బట్టకు ఐదు అలాగే నడిచింది. 2025 సెప్టెంబరు 22న కృత్రిమ పీచు, దారం, బట్ట మూడూ 5 శాతానికి వచ్చాయి. 2017 జూలైలో రింగ్ రోడ్ అడిగింది దాదాపు ఇదే.

మధ్యలో ఇంకో సంస్కరణ కథ ఉంది. చిన్న పరిశ్రమలకు డబ్బు ఆలస్యంగా అందుతోందని 2023 ఆర్థిక చట్టంలో ఆదాయపు పన్ను చట్టానికి 43బి(హెచ్) చేర్చారు. సూక్ష్మ, చిన్న సంస్థలకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించకపోతే ఆ ఖర్చును కొనుగోలుదారు ఆ ఏడాది మినహాయించుకోలేడు. ఉద్దేశం మంచిదే. మూడు నాలుగు నెలల అరువు మీద నడిచే సూరత్‌లో 2024 తొలి నెలల్లో ఏం జరిగింది? బయటి రాష్ట్రాల కొనుగోలుదారులు చిన్న సంస్థల దగ్గర కొనడానికి జంకి ఆర్డర్లు ఆపారు, సరుకు వెనక్కి పంపారు. దాంతో కొందరు తమ చిన్న పరిశ్రమ నమోదునే రద్దు చేసుకోజూశారు. చిన్నవాణ్ని కాపాడే చట్టం నుంచి తప్పించుకోవడానికి చిన్నవాడు తాను చిన్నవాణ్ని కానని చెప్పుకోవలసి వచ్చింది. ఆ ఏప్రిల్‌లో సూరత్ లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురై, మిగిలినవారు ఉపసంహరించుకోవడంతో బీజేపీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఈ కష్టం గురించి మీట నొక్కి చెప్పే అవకాశమూ అక్కడి ఓటరుకు రాలేదు.

ఇంతవరకు వ్యాపారి మాట, మగ్గం యజమాని మాట. మగ్గం ముందు నిలబడినవాడు వేరే ఉన్నాడు. ఇవాళ సూరత్ మగ్గాల మీద ఒడిశా కార్మికులే ఎక్కువగా కనిపిస్తారు గానీ, తెలంగాణ పద్మశాలీలు అక్కడికి వెళ్లి తరాలు గడిచాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల్లో చేమగ్గం కూడు పెట్టని రోజుల్లో షోలాపూర్, భీవండి, సూరత్ దారి పట్టినవాళ్లు వాళ్లు. లింబాయత్ వంటి ప్రాంతాల్లో స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉందంటే ఆ జనసంఖ్య ఎంతో ఊహించవచ్చు. చేమగ్గాన్ని చంపింది చవక మరమగ్గపు బట్ట. ఆ బట్టను నేసే మగ్గం దగ్గరకే చేనేత కులస్థుడు కూలికి వెళ్లాడు. అతను నేసిన చీర మళ్లీ అతని ఊరి అంగడికి వచ్చి అక్కడ మిగిలిన చేమగ్గానికి పోటీ అయింది. 2017లో తగలబడిన చీరల్లో కొన్నిటి పోగు తెలుగు చేతుల మీదుగానే నడిచి ఉండవచ్చు.

అతనికి పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి. పెద్ద సంఖ్యలో మగ్గాలున్నా చిన్న చిన్న యూనిట్లుగా చీల్చి నమోదు చేసి ఫ్యాక్టరీల చట్టం నుంచి జారుకోవడం సూరత్‌లో పాత విద్య. దక్షిణ గుజరాత్ కూలీలపై దశాబ్దాలు పరిశోధించిన డచ్ సామాజిక శాస్త్రవేత్త జాన్ బ్రెమన్ ఈ వ్యవస్థను విడమరచి రాశారు. జీఎస్‌టీ మీద బంద్ చేసిన రోజుల్లో వ్యాపారికి నష్టం లక్షల్లో లెక్కకు వచ్చింది. మగ్గం ఆగిన రోజుల కూలి ఏ వినతిపత్రంలోనూ పెద్దగా కనిపించలేదు. ఆ విషయంలో రింగ్ రోడ్‌కూ దిల్లీకీ తేడా లేదు.

ఈ వలసను వెనక్కి తిప్పుతామన్నది తెలంగాణ మాట. చీరల మంట ఆరిన నెల తిరగకుండానే, 2017 అక్టోబరు 22న, వరంగల్ దగ్గర గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు కె. చంద్రశేఖర రావు శంకుస్థాపన చేశారు. సూరత్, భీవండి, షోలాపూర్ వెళ్లినవారిని తిరిగి రప్పించడం దాని లక్ష్యాల్లో ఒకటని చెప్పారు. 2023లో ఆ పార్కు కేంద్రం ప్రకటించిన ఏడు పీఎం మిత్ర పార్కుల్లో చేరింది. అదే జాబితాలో సూరత్ పొరుగునే ఉన్న నవ్‌సారి కూడా ఉంది, అంటే వెళ్లిన చోటికీ వదిలిన చోటికీ ఒకే పథకం. వరంగల్ పార్కుకు వచ్చిన పెద్ద పేర్లు చూస్తే, కేరళకు చెందిన కైటెక్స్ పిల్లల దుస్తులు కుట్టే సంస్థ, కొరియాకు చెందిన యంగ్‌వన్ క్రీడా దుస్తులు కుట్టే సంస్థ, గణేశా ఎకోస్ఫియర్ వాడేసిన ప్లాస్టిక్ సీసాల నుంచి పీచు తీసే సంస్థ. చుట్టుపక్కల గ్రామాల యువతులకు కుట్టు మిషన్ల మీద ఉద్యోగాలు వస్తే మంచిదే. లింబాయత్‌లో ముప్పై ఏళ్లుగా మరమగ్గం నడుపుతున్నవాడికి వచ్చిన పని కుట్టు కాదు, నేత.