టర్బో బండికి బలం తగ్గినప్పుడు: బూస్టు అదుపులో విద్యుత్ లోపాల పరిశీలన

టర్బో అమర్చిన డీజిల్ బండి ఎత్తు ఎక్కుతుండగా హఠాత్తుగా బలం కోల్పోయి, ఇంజను దీపం వెలిగి, ఎంత తొక్కినా వేగం అందుకొనకపోవడం తరచుగా కనిపించే బాధ. ఇంజనుకు హాని కలుగకుండా కంప్యూటరు తానే శక్తిని తగ్గించడం వలన ఇట్లు జరుగుతుంది. ఘాట్ రోడ్డుపై లారీని దాటే వేళ ఇది ప్రాణాపాయం. చాలామంది వెంటనే టర్బోనే మార్పించి వేలకు వేలు పోగొట్టుకుంటారు. దోషం ఎలుక కొరికిన తీగలోనో, చిలుము పట్టిన కనెక్టరులోనో ఉండవచ్చు.

టర్బో లోనికి నెట్టే గాలి పీడనమే బూస్టు. దానిని సెన్సారు కొలుస్తుంది; కంప్యూటరు లెక్క చూసి సొలినాయిడ్ వాల్వును ఆడిస్తుంది; ఆ వాల్వు టర్బోను అదుపు చేస్తుంది.

ముందుగా స్కానరుతో కోడు చదివించాలి. పి0299 అంటే బూస్టు తక్కువ, పి0234 అంటే ఎక్కువ. ఇవి ఫలితాన్ని మాత్రమే చెబుతాయి. చిరిగిన గాలి గొట్టం వలన కూడా పి0299 వస్తుంది. కనుక గొట్టాలు, క్లిప్పులు, సన్నని వ్యాక్యూమ్ పైపులు మొదట చూడాలి. పి0243, పి0245, పి0246 వస్తే సొలినాయిడ్ విద్యుత్ మార్గాన్నీ, పి0237, పి0238 వస్తే సెన్సారు మార్గాన్నీ అనుమానించాలి.

సొలినాయిడ్ కనెక్టరును తాళం ఆపిన తరువాతనే ఊడదీయాలి. కాయిల్ నిరోధం పెక్కు బండ్లలో 10 నుండి 35 ఓముల నడుమ ఉంటుంది. కచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్‌లోనిదే ప్రమాణం. మీటరు అనంతం చూపితే కాయిల్ తెగినది, సున్నాకు దగ్గరైతే లోపల షార్టు. కాయిల్ బాగున్నచో తాళం వేసి చూడాలి: సాధారణంగా ఒక తీగలో బ్యాటరీ వోల్టేజి రావాలి. రాకుంటే ఫ్యూజు, రిలే వైపు వెళ్లాలి. రెండవ తీగను కంప్యూటరు క్షణానికి ఎన్నో మారులు భూమికి కలిపి విడుస్తుంది. ఆ తీగపై బల్బు దీపంతో పరీక్ష చేయరాదు; కంప్యూటరు కాలిపోతే ఆ ఖర్చుకు టర్బో ధరే నయమనిపిస్తుంది.

సెన్సారుకు సాధారణంగా 5 వోల్టులు అందాలి, ఎర్త్ గట్టిగా ఉండాలి. ఇంజను ఆపి, తాళం మాత్రం వేసి స్కానరులో పీడనం చూస్తే అది బయటి గాలి పీడనమే కావాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న యానాం, చెన్నైలలో సుమారు 101 కిలోపాస్కల్ చూపే సెన్సారు, 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో 91 దరిదాపు, ఊటీలో 77 దరిదాపు చూపుతుంది. అంకె తగ్గినంత మాత్రాన సెన్సారు చెడిందని మార్చడం వృథా. ఊరి ఎత్తుకు పొసగని అంకె వస్తేనే దోషం.

ఒకప్పుడు వచ్చి ఒకప్పుడు పోయే లోపమే అన్నిటికన్న మొండిది. ఇంజను నడుస్తుండగా, వేడి భాగాలకూ తిరిగే బెల్టుకూ చేయి దూరంగా ఉంచి, తీగల కట్టను కొంచెం కొంచెంగా కదిలిస్తూ స్కానరు అంకెలు గమనించాలి. అంకె ఎగిరిన చోటే తెగుదల. తెగిన తీగను మెలిపెట్టి టేపు చుట్టడం వానకాలం దాకానే నిలుస్తుంది. టంకం వేసి, వేడికి బిగిసే గొట్టం తొడిగించాలి.

మరమ్మతు పిమ్మట కోడు చెరిపి, బరువుతో ఒక ఎత్తు ఎక్కించి చూడాలి. అదే కోడు తిరిగి వస్తే అప్పుడు టర్బోను విప్పించవచ్చు.