మర, మరమ్మత్తు, మనం

మొన్న సెలవులకి కుప్పం నుంచి పుంగనూరు మీదుగా మదనపల్లె పోతుంటే కారు ట్రాక్టరులా టపటపమంది. మెకానిక్ చూసి "మానిఫోల్డులో త్రెడ్ పోయింది సార్" అన్నాడు. త్రెడ్ అంటే మనకి వేరే గుర్తొస్తుంది కదా :-)

ఎగ్జాస్ట్ దగ్గర ఇనుము వేడెక్కి, చల్లారి, తుప్పు పడుతుంది. బోల్టు విప్పబోతే మర కూడా ఊడొస్తుంది. సులువైన మందు, బెజ్జం పెద్దది చేసి పెద్ద బోల్టు బిగించడం. అప్పుడు ఆ బండికి ఆ బోల్టొకటి ప్రత్యేకం.

1841కి ముందు ఇంగ్లండులో అంతా ఇదే తంతు, ఏ కార్ఖానా మర దానిదే. ఆ ఏడాది జోసెఫ్ విట్‌వర్త్ 55 డిగ్రీల మరతో అందరికీ ఒకే కొలత ప్రతిపాదించాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ కాదు, 60 అన్నాడు. ఫలితం? రెండో ప్రపంచయుద్ధంలో మిత్రదేశాల నట్లూ బోల్టులే ఒకదానికొకటి పట్టలేదు! 1948లో గానీ అమెరికా, బ్రిటన్, కెనడా 60 దగ్గర రాజీపడలేదు.

నూరేళ్ళు కొట్టుకుని సాధించిన ఇంటర్‌ఫేస్ అది. అందుకే మంచి రిపేరు కొలత మార్చదు. బెజ్జం కాస్త పెద్దది చేసి, ట్యాప్ కొట్టి, స్టీలు తీగచుట్ట దించితే లోపల మళ్ళీ పాత ఎం8 మరే. యుద్ధకాలపు విమానాల ఇంజన్లలోనూ ఇలాంటి చుట్టలు వాడారు.

మా మెకానిక్ దగ్గర ఆ చుట్ట లేదు. లేత్ మీద బుష్ చేయించి, లోపల ఎం8 మర కోయించాడు. పెద్ద బోల్టయితే ఐదు నిమిషాల పనే కదా అంటే, "రేపు ఇంకొకడు విప్పాల కదా సార్" అన్నాడు.

మన కోడులో ఎన్ని పెద్ద బోల్టులున్నాయో!