రాళ్ల గనిలో ధౌ అడవి

మోదుగ కాయ పల్చటి రేకులా ఉంటుంది. గింజ ఒక్కటే, అదీ కాయ కొసన. ఎండాకాలం చివర్లో గాలికి రాలే ఈ కాయలు, వానలకు ముందే ఏరుకున్నవాళ్లకు దక్కుతాయి. గుర్గావ్‌లో ఒక అడవి ఇలా గింజలు ఏరడంతోనే మొదలైంది.

ఢిల్లీ సరిహద్దున, ఆరావళి కొండల్లో సుమారు 390 ఎకరాల నేల అది. ఏళ్ల తరబడి రాయి కోసం తవ్వి వదిలేశారు. మట్టి కొట్టుకుపోయింది. గుంటల చుట్టూ సర్కారు తుమ్మ అల్లుకుంది. ఆ ముళ్ల చెట్టు సంగతి మనకు ఒకరు చెప్పనక్కర్లేదు, మన చెరువు గట్లను ఆక్రమించిందీ అదే. ఆంగ్లేయుల కాలంలో పచ్చదనం కోసమని దాన్ని ఢిల్లీ కొండల మీద నాటారు.

2009లో గుర్గావ్‌తో పాటు పక్క జిల్లాల ఆరావళిలోనూ తవ్వకాలను సుప్రీంకోర్టు నిషేధించింది. ఆ రోజుల్లోనే ‘ఐ యామ్ గుర్గావ్’ పేరుతో కొందరు నగరవాసులు ఒక్కటయ్యారు. నగరంలో పది లక్షల మొక్కలు నాటాలన్నది వాళ్ల సంకల్పం. నగరపాలక సంస్థతో కలిసి 2010 జూన్ 5న ఆరావళి జీవవైవిధ్య ఉద్యానాన్ని ప్రారంభించారు. నాటడానికి చేతులు దొరికాయి. మరి ఏ మొక్కలు నాటాలి?

ఈ పనిని భుజాన వేసుకున్న విజయ్ ధస్మానా జవాబును మంగర్ బనీలో వెతికారు. ఊరివాళ్లు పవిత్రమని నమ్మి, కొమ్మ విరవకుండా కాపాడుకుంటున్న అడవి అది. తవ్వకాలకు ముందు ఆరావళి ఎలా ఉండేదో అక్కడ కళ్లెదుటే ఉంది. ధౌ, అందుగ, తపసి, మోదుగ. ధౌ తప్ప మిగతావన్నీ మన అడవుల చెట్లే, ధౌ కూడా మన చిరుమానుకు దగ్గరి చుట్టమే.

ఏ చెట్లో తెలిసింది గానీ, నర్సరీల్లో ఆ మొక్కలు లేవు. అందుకని అడవుల నుంచి గింజలు తెచ్చి, ఉద్యానంలోనే నర్సరీ పెట్టుకున్నారు. ధౌ గింజలు గుప్పెడు చల్లినా మొలిచేవి చాలా తక్కువ, వడ్లలో తాలులా ఎక్కువ భాగం ఖాళీయే. మొలిచిన ఒక్కో మొక్కా ఓపికకు దక్కిన ఫలం.

అప్పటినుంచి అక్కడి పనికి ఋతువులే క్యాలెండర్. ఎండల్లో గుంతలు తీసి, రాలే గింజలు ఏరాలి. తొలకరి పడ్డాక బడిపిల్లలు, ఉద్యోగులు, కుటుంబాలు వచ్చి మొక్కలు నాటుతారు. తర్వాత కలుపు తీయాలి, నీళ్లు పోయాలి, మళ్లీ తలెత్తే సర్కారు తుమ్మను తొలగించాలి. చలికాలంలో పిట్టల్ని చూడటానికి పొద్దున్నే నడక.

2019లో ఈ అడవి గుండా రోడ్డు వేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు జనం అడ్డు నిలబడ్డారు. తాము నాటిన చెట్టును ఎవరు వదులుకుంటారు? 2022 ఫిబ్రవరి 2న, రక్షిత ప్రాంతం కాకపోయినా జీవవైవిధ్యాన్ని నిలిపే చోటుగా, దేశంలోనే మొదటి గుర్తింపు దీనికి దక్కింది.

మన ఊరి బోడిగుట్టకూ ఇదే దారి. మొక్కల లారీని పిలిచే ముందు, ఆ గుట్ట మీద పశువుల్ని కాచిన పెద్దాయన పక్కన ఒక పూట కూర్చోవాలి. ఏ చెట్లుండేవో, వాటి కాయలు ఏ నెలలో రాలేవో అడిగి రాసుకోవాలి.