సోగత్తూరు నుండి గ్రంథాలయానికి: వంశచరిత్ర వెదకే విధానం

ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలో ఇంట తెలుగు మాటాడే కుటుంబాలు అనేకం. అయితే ప్రభుత్వ పత్రాలలో మన ఇంటిపేర్లు కనబడవు. తమిళనాట పేరుకు ముందుండే పొడి అక్షరం తండ్రి పేరును సూచించునేగాని ఇంటిపేరును కాదు. అందుచేత ఇంటిపేరు పెండ్లి మాటలలోను, పెద్దల జ్ఞాపకాలలోను మాత్రమే మిగిలియున్నది. 2006 తమిళ అభ్యసన చట్టం పిమ్మట బడులలో తమిళం తప్పనిసరి అయినది. తెలుగు లిపి చదువలేని పిల్లలు పెరుగుతున్నారు. పెట్టెలో తాతగారి నాటి తెలుగు పత్రం ఉన్నను, దానిని చదివి చెప్పగల అవ్వ కన్నుమూసినచో అది వట్టి కాగితమే. కాబట్టి ఈ పని వాయిదా వేయదగినది కాదు.

ఇంటి వద్ద చేయవలసినది

ముందుగా మూడు తరాల పేర్లు వ్రాసికొనవలెను. తద్దినములలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పే ఆచారమున్న ఇండ్లలో ఇవి సులభముగా దొరకును. ఆడవారి పుట్టినిండ్లు, ఊళ్లు, కులదైవం ఉన్న గ్రామం కూడ వ్రాయవలెను. కులదైవం ఉన్న ఊరు పూర్వపు నివాసానికి ఆనవాలు కావచ్చును. అయితే అదొక్కటే రుజువు కాదు. పాత క్రయపత్రాలు, పట్టాలు, పెండ్లి పత్రికలు మడతలు విప్పి ఛాయాచిత్రాలు తీసి ఉంచుకొనుట మేలు.

గ్రంథాలయంలో చూడవలసినవి

1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఏర్పడిన వ్యవస్థలోనిదే ధర్మపురిలోని జిల్లా కేంద్ర గ్రంథాలయం. ధర్మపురి 1965లో సేలం జిల్లా నుండి విడివడి జిల్లా అయినది. 2004లో దాని నుండి కృష్ణగిరి వేరుపడినది. కాబట్టి 1965కు ముందటి సమాచారాన్ని 'సేలం' పేరు క్రింద వెదకవలెను. ఇది తెలియక పలువురు వట్టి చేతులతో తిరిగి వత్తురు.

మూడు పుస్తకాలు ముఖ్యమైనవి. 1883లో లెఫాను రచించిన సేలం జిల్లా మాన్యువల్ మొదటిది. 1918లో రిచర్డ్స్ సిద్ధపరచిన సేలం గెజెటీరు రెండవది. బారామహల్ రికార్డులు మూడవది. 1792లో టిప్పు సుల్తాను నుండి బారామహల్ కుంఫిణీ వశమైన పిమ్మట అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయకుడు థామస్ మన్రో ఇక్కడ భూములు కొలిపించి శిస్తు ఏర్పాటు చేసిరి. నాటి పత్రాలే ఈ సంపుటాలు. నివాసులను గూర్చిన భాగం 1907లో అచ్చయినది. వీటిలో మీ ముత్తాత పేరు దొరకుట అరుదు. కాని ఊరు, వృత్తులు, పన్నులు, కరవులు, వలసలు తెలియును. జనాభా లెక్కల పుస్తకాలలోను సంఖ్యలేగాని ఇంటింటి పేర్లుండవు.

ఊరి పేరు వ్రాతలోను జాగ్రత్త అవసరం. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. సోగత్తూరును 'సోకత్తూరు' అని చదువుటకు వీలున్నది. గంగప్ప, కంగప్ప ఒకరే కావచ్చును. పేరును అన్ని విధాలా వ్రాసి వెదకవలెను.

పేర్లు దొరికే చోట్లు

వ్యక్తుల పేర్లకు రిజిస్ట్రారు కార్యాలయం ముఖ్యం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి పత్రాల సూచికలు పేర్ల వరుసను, ఆస్తుల వరుసను ఉండును. రుసుము చెల్లించి చూడవచ్చును. కరణాల పదవులు 1980లో రద్దయినవి. నేడు గ్రామ భూవివరాలకు గ్రామ పాలనాధికారిని అడుగవలెను. జనన మరణ రిజిస్టర్లు, బడి ప్రవేశ రిజిస్టర్లు తండ్రి పేరును తెలుపును. ఇంకను పాతవి కావలసినచో చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పురాలేఖాగారానికి దరఖాస్తు చేసికొనవలెను.

చిన్న ఊరి గ్రంథాలయం ఎంత చేయగలదో వేటపాలెం సారస్వత నికేతనం చూపినది. నేడు బాపట్ల జిల్లాలో ఉన్న ఈ సంస్థ 1918లో యువకుల పూనికతో పుట్టినది. 1929లో గాంధీజీ దానిని దర్శించిరి. అక్కడ భద్రపరచిన పాత తెలుగు పత్రికల కోసం దూరప్రాంతాల పరిశోధకులు వత్తురు. పాత కాగితాలను పారవేయని ఊరివారి శ్రద్ధయే దాని సంపద.

వెళ్లేవారికి సూచనలు

గుర్తింపు కార్డు, పెన్సిలు, నోటు పుస్తకం వెంట ఉంచుకొనవలెను. వెదకేది ఒకే ప్రశ్నగా వ్రాసికొని వెళ్లవలెను. 'మా వంశం ఎక్కడిది?' అన్నచో గ్రంథపాలకుడు ఏమి ఇవ్వగలడు? '1920 ప్రాంతాన మా ఊరి శిస్తు వివరాలు కావలెను' అన్నచో దారి చూపగలడు. ప్రతి సమాచారం ప్రక్కన పుస్తకం పేరు, పుట సంఖ్య వ్రాయవలెను. విన్నదానిని, చదివినదానిని వేరువేరుగా ఉంచవలెను.

చివరిగా, దొరికిన వంశవృక్షాన్ని తెలుగులోను, తమిళంలోను వ్రాసి ఒక ప్రతిని పిల్లలకు ఇవ్వవలెను. అవ్వ చెప్పగా, మనుమరాలు వ్రాయగా మొదలైనచో ఆ ఇంటిపేరు మరి రెండు తరాలు నిలుచును.