క్షయకాని క్షయ: ఆరోగ్యవరం నుంచి రాచర్ల వరకు ఒక నిర్ధారణ చరిత్ర

1882లో రాబర్ట్ కోఖ్ క్షయక్రిమిని ప్రకటించిన తరువాత, ప్రత్యేక రంజనంలో ఎర్రగా నిలిచే ఆమ్లనిరోధక క్రిమి కఫంలో కనిపిస్తే అది క్షయే అన్న భావన వైద్యంలో స్థిరపడింది. అయితే అదే రంజనాన్ని నిలుపుకునే అనేక మైకోబాక్టీరియాలు మట్టిలో, నీటిలో సహజంగా జీవిస్తాయి. 1959లో ఎర్నెస్ట్ రన్యన్ వీటిని వర్ణం, పెరుగుదల వేగాల ఆధారంగా నాలుగు వర్గాలుగా విభజించాడు.

దక్షిణ భారతంలో ఈ క్రిముల ప్రస్తావన టీకా చర్చలోకి వచ్చింది. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం 1950లో చుట్టుపక్కల గ్రామాలలో బి.సి.జి. ప్రయోగాన్ని ఆరంభించింది. 1968లో తమిళనాట చెంగల్పట్టులో మరింత విస్తృత ప్రయోగం మొదలైంది. 1979లో వెలువడిన దాని తొలి ఫలితాలలో టీకావల్ల ఊపిరితిత్తుల క్షయనుంచి రక్షణ కనిపించలేదు. పరిసరాలలోని మైకోబాక్టీరియాతో ప్రజలకు ముందే సంపర్కం ఉండటం ఇందుకొక కారణమన్న ప్రతిపాదన విస్తృత చర్చకు దారితీసింది.

నేడు ఈ చర్చ రోగి మంచం వరకు వచ్చింది. పశ్చిమ ప్రకాశంలోని రాచర్ల వంటి ప్రాంతంలో ఒక రోగికి కఫపరీక్ష పాజిటివ్‌గా వచ్చి, క్షయ మందులు వాడినా నయం కాకపోతే మందులకు లొంగని క్షయగా భావించే అవకాశం ఉంది. కాని క్షయకాని మైకోబాక్టీరియాలలో పలు జాతులు ఐసోనియాజిడ్ వంటి మందులకు స్వతహాగానే లొంగవు. ఆ పొరపాటువల్ల రోగి నెలల తరబడి అవసరంలేని, విషప్రభావం గల మందులు మోయవలసి వస్తుంది. స్మియర్ పాజిటివ్‌గా ఉండి, 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షలో క్షయక్రిమి కనబడకపోతే ఈ క్రిములను అనుమానించాలి.

అయితే కల్చర్‌లో ఒకసారి కనిపించినంత మాత్రాన అది వ్యాధికాదు. నీటినుంచి చేరిన కలుషితం కావచ్చు. అందుకే లక్షణాలు, ఎక్స్‌రే లేదా సి.టి. మార్పులతోపాటు కనీసం రెండు వేర్వేరు కఫ నమూనాలలో అదే జాతి పెరగాలన్న నియమం ఏర్పడింది. జాతి తెలియనిదే చికిత్స లేదు. ఏవియం సముదాయానికి అజిత్రోమైసిన్, రిఫాంపిసిన్, ఇథాంబుటాల్ ప్రధానం. కల్చర్ నెగటివ్ అయిన తరువాత కనీసం 12 నెలలు కొనసాగించాలి. అబ్సెసస్ జాతిలో క్లారిత్రోమైసిన్ తొలి రోజులలో పనిచేస్తున్నట్లు తోచినా, 14 రోజుల పరీక్షలో దాగిన నిరోధకత బయటపడవచ్చు.

ఈ చరిత్ర చెప్పేది ఒక్కటే: క్రిమి కనబడటం నిర్ధారణకు ఆరంభం మాత్రమే. దాని పేరు తేల్చే కల్చర్ సౌకర్యం దూరంగా ఉన్నంతకాలం, ఆ దూరాన్ని రోగి తన శరీరంతో భరిస్తాడు.