చర్మానికి గడువిచ్చిన సాధనం: రొమ్ము పునర్నిర్మాణంలో టిష్యూ ఎక్స్‌పాండర్ చరిత్ర

వైద్య పరికరాల చరిత్రను సాధారణంగా ఆవిష్కర్తల చరిత్రగానే రాస్తుంటారు. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స తర్వాత వాడే టిష్యూ ఎక్స్‌పాండర్ విషయంలో ఆ దృష్టి చాలదు. శస్త్రచికిత్స పరిధి తగ్గడం, రోగికి నిర్ణయాధికారం దక్కడం అనే రెండు మార్పులు తోడైనందువల్లే ఆ సాధనం సార్థకమైంది. ఈ పరిణామాన్ని అమెరికా నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

విలియం హాల్‌స్టెడ్ 1894లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి నుంచి తన ర్యాడికల్ మాస్టెక్టమీ ఫలితాలను ప్రకటించాడు. ఈ పద్ధతిలో రొమ్ముతోపాటు దానిపై చర్మాన్ని, ఛాతీ కండరాలను, చంకలోని లింఫ్ గ్రంథులను తొలగించేవారు. క్యాన్సర్ ఒక చోట పుట్టి క్రమంగా చుట్టుపక్కలకు పాకుతుందన్న భావన దీనికి ఆధారం. ఎంత ఎక్కువ తీసివేస్తే అంత క్షేమమన్న ఈ తర్కంలో పునర్నిర్మాణానికి చోటు లేదు. వీపు కండరంతో గాయాన్ని కప్పే విధానాన్ని ఇటలీ వైద్యుడు ఇజీనియో తాన్సీని 1906లోనే వివరించినా, అది దశాబ్దాలపాటు మరుగున పడింది.

1962లో హ్యూస్టన్ నగరంలో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో తొలి సిలికాన్ జెల్ ఇంప్లాంట్‌ను అమర్చారు. అది రొమ్ము పరిమాణం పెంచడానికి చేసిన శస్త్రచికిత్స. మాస్టెక్టమీ చేయించుకున్న స్త్రీకి అది నేరుగా ఉపకరించలేదు. లోపల నింపే వస్తువు దొరికింది గాని, దానిని కప్పే చర్మం ఆమెకు మిగలలేదు.

గర్భిణి పొట్టపై చర్మం సాగడం అందరికీ తెలిసినదే. ఈ స్వభావాన్ని చార్లెస్ న్యూమన్ చికిత్సకు వినియోగించాడు. చెవి పునర్నిర్మాణం కోసం చర్మం కింద రబ్బరు బుడగను ఉంచి, క్రమంగా గాలి నింపిన తీరును 1957లో ప్రచురించాడు. 1976లో చెడోమిర్ రాడోవాన్ సెలైన్‌తో నింపే సిలికాన్ సంచిని ప్రవేశపెట్టాడు. చర్మం కిందనే అమర్చిన వాల్వులోకి సూదితో కొన్ని వారాలపాటు విడతలవారీగా ద్రవం ఎక్కిస్తారు. ఆ ఒత్తిడికి చర్మం సాగడమే కాక, కొత్త కణాలు ఏర్పడి పెరుగుతుంది. తర్వాత సంచిని తీసి శాశ్వత ఇంప్లాంట్‌ను అమర్చుతారు. వేరొక చోటి చర్మం తెచ్చి అతికించనవసరం లేకుండా, ఉన్న చర్మానికే పెరిగే గడువివ్వడం ఇందులోని విశేషం.

అదే కాలంలో హాల్‌స్టెడ్ తర్కం బలహీనపడింది. 1971లో బెర్నార్డ్ ఫిషర్ నాయకత్వంలో మొదలైన అధ్యయనం, ర్యాడికల్ పద్ధతివల్ల రోగుల ఆయుష్షు అదనంగా పెరగడం లేదని చూపింది. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సమావేశం ఛాతీ కండరాన్ని నిలిపి ఉంచే పద్ధతిని సిఫారసు చేసింది. ఎక్స్‌పాండర్‌ను ఎక్కువగా ఆ కండరం కిందనే అమర్చడం తర్వాత ఆచారమైంది. హాల్‌స్టెడ్ తొలగించమన్నదే పునర్నిర్మాణానికి ఆధారమైందన్నమాట.

అంతవరకు మత్తులో ఉన్న రోగికి బయాప్సీ చేసి, క్యాన్సర్ అని తేలితే వెంటనే రొమ్ము తొలగించడం సాధారణం. ఫలితమేమిటో ఆమెకు మెలకువ వచ్చాకే తెలిసేది. దీనిని వ్యతిరేకించిన పాత్రికేయురాలు రోజ్ కుష్నర్ 1979 సమావేశ బృందంలో సభ్యురాలు. మరోవైపు కవయిత్రి ఆడ్రీ లార్డ్ 1980లో వెలువరించిన ‘ద క్యాన్సర్ జర్నల్స్’లో కృత్రిమ రొమ్ము ధరించాలన్న సామాజిక ఒత్తిడినే ప్రశ్నించారు. మాస్టెక్టమీకి బీమా వర్తించే పథకాలు పునర్నిర్మాణ వ్యయాన్ని కూడా భరించాలని 1998 నాటి చట్టం నిర్దేశించింది.

సాధనం నిర్దోషమైనదేమీ కాదు. ఇన్‌ఫెక్షన్, రేడియేషన్ వల్ల చర్మం గట్టిపడడం దీనికి తెలిసిన చిక్కులే. అరుదైన లింఫోమాతో సంబంధం బయటపడడంతో 2019లో గరుకు ఉపరితలంగల బయోసెల్ రకం ఇంప్లాంట్లను, ఎక్స్‌పాండర్లను ఉపసంహరించారు. కాబట్టి ఈ చరిత్రను కేవలం సాంకేతిక విజయగాథగా చదవలేం. కుష్నర్ కోరినది శస్త్రచికిత్సకు ముందే తెలుసుకునే అవకాశం; లార్డ్ కోరినది కృత్రిమ రొమ్మును నిరాకరించే స్వేచ్ఛ. ఈ రెండూ ఉన్నప్పుడే పునర్నిర్మాణం స్త్రీ ఎంపిక అవుతుంది. లేనప్పుడు అది ఆమె దేహంపై ఇతరులు తీసుకున్న మరొక నిర్ణయంగానే మిగులుతుంది.