పరుపుకి తాళం

నల్లులున్న పరుపుని జిప్పు గలీబులో పెట్టి మూసేసే పద్ధతికి మూలం ఉబ్బసం. ఇంటి దుమ్ము పడని ఉబ్బసం రోగులకి అసలు శత్రువు ఆ దుమ్ములో బతికే కంటికానని పురుగేనని 1964లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఫోర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా బృందం తేల్చింది. ఆ పురుగు పెద్ద కాపురం పరుపులోనే. దాంతో పరుపంతా మూసేసే గలీబులు అలర్జీ రోగుల కోసం వచ్చాయి. నల్లి ఊసు అప్పుడెవరికీ లేదు. చలిదేశాల్లో దాని పీడ విరగడైందనుకున్నారు.

ఆ ధీమాకి కారణం డీడీటీ. దానికి పురుగుల్ని చంపే గుణముందని 1939లో స్విట్జర్లాండ్‌లో పాల్ ముల్లర్ కనిపెట్టాడు, 1948లో నోబెల్ అందుకున్నాడు. అంతకు ముందేడే హవాయిలో పెర్ల్ హార్బర్ బ్యారక్‌ల నల్లులు డీడీటీకి లొంగడం మానేశాయి! మన దేశంలో 1953లో మలేరియా నియంత్రణ పథకం మొదలై ఇళ్ళ గోడలకి ఆ మందు కొట్టారు. తొలి రోజుల్లో దోమలతోపాటు నల్లులూ పోయాయి. తర్వాత్తర్వాత చావకపోగా, మందు ఘాటుకి సందుల్లోంచి బయటికొచ్చి మరీ కుట్టేవి. మా ఇంటికి కొట్టొద్దని జనం అడ్డం తిరిగింది ఇందుకే.

1990ల చివర్లో అమెరికా, యూరప్, ఆస్ట్రేలియాల్లో నల్లులు మళ్ళీ విజృంభించాయి. విషం చల్లిన పరుపు మీద పడుకోలేం కదా. అప్పుడు అలర్జీ గలీబు గుర్తొచ్చింది. లోపలున్నవి తిండిలేక చస్తాయి, బయటివాటికి పరుపు కుట్లలో చోటు దొరకదు.

చిక్కు జిప్పు దగ్గర వచ్చింది. దుమ్ముపురుగు దారి వెతుక్కుంటూ రాదు. నల్లి మాత్రం మన ఊపిరినీ ఒంటి వేడినీ పసిగట్టి వస్తుంది. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్ల మిల్లీమీటరున్నర ఉంటుంది, ఆకలి మీద పల్చగా అణిగిపోతుంది. జిప్పు పళ్ళు సన్నవైతే వాటి మధ్య దూరలేకపోయినా, స్లైడరు ఆగిన మూల మిగిలే సందు దానికి చాలు. అందుకని పళ్ళు సన్నవి పెట్టారు, ఆ మూల చిన్న స్పాంజి ముక్క కుట్టారు, స్లైడరు వెనక్కి జారకుండా బిగింపు చేర్చారు. బట్టని కూడా నల్లి తొండం దిగనంత చిక్కగా నేశారు.

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు ఇళ్ళలో తెలిసిన వైద్యం వేరు. మంచాన్ని ఎండలో నిలబెట్టి, కోళ్ళూ పట్టెలూ కలిసేచోట సలసలా కాగే నీళ్ళు పోసేవారు. అందులో తప్పేం లేదు. యాభై డిగ్రీలు దాటిన వేడి నల్లినీ గుడ్డునీ కూడా చంపుతుంది. కానీ ఏకిన దూది పరుపు నడిమికి ఎండ వేడి అంతగా దిగదు, నల్లులు చల్లని వైపుకి జరుగుతాయి. గలీబు పనికొచ్చేది అక్కడే.

అయితే కొలతిచ్చి కుట్టించుకున్న మన పరుపులకి రెడీమేడ్ సైజులు కుదరవు. టైలరు చేత మామూలు జిప్పుతో కుట్టిస్తే ఆ మూల సందు అలాగే ఉంటుంది. కాస్త పెద్దది కొని మిగిలిన బట్ట అడుక్కి మడవడమే నయం. జిప్పు చివర టేపు అంటించి దాని మీద తేదీ రాసుకోండి. ఏడాది విప్పొద్దన్నది చలిదేశపు లెక్క. మన ఉక్కలో నల్లి అంతకాలం పస్తుండలేదు, అయినా ఆ ఏడాదీ ఉంచితే పోయేదేం లేదు. చిరుగు పడితే మాత్రం ఆ రోజే అతుకెయ్యాలి.

గలీబు కాసేది పరుపునే. తెనాలిలో రైలు మారి రేపల్లె చేరిన సంచీ, బాపట్ల అద్దెగదిలో ముందువాళ్ళు వదిలేసిన మంచమూ దాని లెక్కలోకి రావు. పైగా మన నల్లి జాతే వేరు. చలిదేశపు నల్లి నున్నటి ప్లాస్టిక్ గిన్నెలో పడితే పైకెక్కలేదు. ఆ నమ్మకంతోనే కోళ్ళ కింద పెట్టే ఉచ్చు గిన్నెలు తయారుచేశారు. ఉష్ణదేశాల నల్లికి కాళ్ళ మీద నూగు దట్టం, అది ఆ గిన్నె గోడ ఎక్కేస్తుందని 2017లో మలేసియా పరిశోధకులు చూపించారు. కాబట్టి గలీబు తొడిగాక కూడా టార్చి వేసి కోళ్ళ సందులు వెతకడం, కాగే నీళ్ళు పొయ్యడం తప్పవు.